ఫొటోలు కంప్యూటర్‌లోకి దించడం, సర్దడం, దిద్దడం: ఏ సాఫ్ట్‌వేర్ ఎవరికి?

మొన్న మాఘమాసం పెళ్లిళ్ల సీజన్‌లో మా పిన్ని కొడుకు రెండు మెమరీ కార్డులు జేబులో వేసుకుని మల్కాజిగిరిలో మా ఇంటికి వచ్చాడు. నాగోల్‌లో ఒక పెళ్లికి క్యాండిడ్ ఫొటోలు తీశాడు. మొత్తం 4,000, అన్నీ రా ఫార్మాట్‌లోనే, అంటే కెమెరా తనేం దిద్దకుండా ఉంచే పెద్ద ఫైళ్లు. ఒక్కోటి 25 ఎంబీ వేసుకున్నా 100 జీబీ. "అన్నా, లైట్‌రూమ్‌కి డబ్బులు కట్టమంటావా, ఫ్రీగా దొరికేవాటితో పనైపోతుందా?" అని అడిగాడు. లైట్‌రూమ్ అంటే అడోబీ కంపెనీ ఫొటో సాఫ్ట్‌వేర్, చందా కట్టి వాడేది.

వెంటనే ఏమీ చెప్పలేదు. ముందు ల్యాప్‌టాప్ తెరిచి ఫొటోలు ఎలా దించుకున్నాడో చూపించమన్నాను. ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక. వాడి సాఫ్ట్‌వేర్ తేదీ ప్రకారం ఫోల్డర్లు చేసుకుంటూ పోయింది. దాంతో ఎదుర్కోలు ఒక ఫోల్డర్‌లో, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు ఇంకో ఫోల్డర్‌లో పడ్డాయి. పైగా రెండో కెమెరా గడియారం ఏడు నిమిషాలు ముందుంది. టైమ్ ప్రకారం పేర్చితే, మంగళసూత్రం కట్టేశాక జీలకర్ర బెల్లం పెడుతున్నట్టు వస్తోంది. వాడు రెండు రాత్రులు కూర్చుని ఆ వరస చేత్తో సరిచేశాడట.

ఈ రెండు సమస్యలకూ ఎడిటింగ్‌తో సంబంధమే లేదు. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు మనమంతా చూసేది మాత్రం ఎడిటింగే. రంగులు ఎలా వస్తాయి, చర్మం ఎంత నున్నగా అవుతుంది, బ్యాక్‌గ్రౌండ్ ఎంత తేలిగ్గా తీసేయొచ్చు అని వీడియోలు చూస్తాం. కానీ టైమ్ తినేది దించడం, ఏరడం, సర్దడం. పదేళ్ల తర్వాత ఏడిపించేదీ అదే. అందుకే నేను పోలికను అక్కడి నుంచే మొదలుపెడతాను.

బయటికి వచ్చే దారి

2009 నుంచి ఆరేడేళ్లు నేనొక ఫొటో సాఫ్ట్‌వేర్ వాడాను. అందులో కూర్చుని ఒక్కొక్క ముఖానికీ పేరు రాసుకున్నాను. పాత గ్రూప్ ఫొటోలు చూపించి నానమ్మను అడిగి మరీ రాశాను. తర్వాత కంప్యూటర్ మార్చినప్పుడు ఫొటోలన్నీ వచ్చాయి, పేర్లు రాలేదు. అవి ఆ సాఫ్ట్‌వేర్ సొంత డేటాబేస్‌లోనే ఉండిపోయాయి, ఆ డేటాబేస్‌ను నేను కాపీ చేసుకోలేదు. ఒక ఫొటోలో నానమ్మ పక్కన కూర్చున్న ఇద్దరు పెద్దవాళ్లు ఎవరో ఈరోజు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పగలిగింది నానమ్మ ఒక్కతే. ఆవిడ అప్పటికే లేదు.

అప్పటి నుంచి ఏ సాఫ్ట్‌వేర్ గురించి విన్నా నా మొదటి ప్రశ్న ఒకటే: రేపు దీన్ని వదిలేస్తే నేను రాసుకున్నది నాతో వస్తుందా? ఈ ప్రశ్న ఊరికే వేసుకునేది కాదు. ఆపిల్ వాళ్ల అపెర్చర్‌ను ఆపేస్తున్నట్టు 2014లో చెప్పారు. మన ఇళ్లలో ఎంతోమంది వాడిన పికాసాను గూగుల్ 2016లో ఆపేసింది. లైట్‌రూమ్‌ను ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కోగలిగిన చివరి వెర్షన్ 2015లో వచ్చిన ఆరోది. ఎంత పెద్ద కంపెనీదైనా సాఫ్ట్‌వేర్ ఆయుష్షు మన పెళ్లి ఆల్బమ్ ఆయుష్షు కంటే తక్కువే.

సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ తీసిన చిత్రాలు చూడండి. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన, 1905లో కన్నుమూశారు. ఆయన గాజు నెగటివ్‌లు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. ఆయన ప్రింట్లు చాలావాటి మీద కింది అంచున ఒక సంఖ్య, ఆ చోటు పేరు కనిపిస్తాయి. నెగటివ్ మీదే రాశారు కాబట్టి ప్రింటు ఎక్కడికి వెళ్తే పేరూ అక్కడికి వెళ్లింది. స్టూడియో రిజిస్టర్‌లో మాత్రమే రాసుకుని ఉంటే ఆ రిజిస్టర్ పోయిన రోజే అన్నీ అనామకం అయ్యేవి.

మన డిజిటల్ ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది. తేదీ, లెన్స్, షట్టర్ స్పీడు లాంటివి కెమెరా తనే ఫైలులో రాస్తుంది, దాన్ని ఎగ్జిఫ్ అంటారు. మనం రాసే పేర్లు, ట్యాగులు, నక్షత్రాలు, క్యాప్షన్లకు ఎక్స్ఎంపీ అనే పద్ధతి ఉంది. జేపెగ్ అయితే ఇవి ఫైలు లోపలే ఉంటాయి. నికాన్ ఎన్ఈఎఫ్, కెనాన్ సీఆర్3, సోనీ ఏఆర్‌డబ్ల్యూ లాంటి రా ఫైళ్లకు మామూలుగా పక్కన ఇంకో చిన్న ఫైలు తయారవుతుంది, దాన్ని సైడ్‌కార్ అంటారు. మీ సాఫ్ట్‌వేర్ మీరు రాసినదాన్ని ఇలా ఫైలులోనో పక్కనో రాస్తోందా, తన డేటాబేస్‌లో మాత్రమే దాచుకుంటోందా అన్నది అన్నిటికంటే ముందు చూడాలి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో చిన్నదవుతుంది, ఎగ్జిఫ్ కూడా పోతుంది. చుట్టాల ఫొటోలు సేకరిస్తుంటే డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

లైట్‌రూమ్ క్లాసిక్

ముందు పేరు గందరగోళం తీర్చుకుందాం. 2017 నుంచి లైట్‌రూమ్‌లు రెండు. క్లాసిక్ అన్నది మీ హార్డ్‌డిస్క్‌లోని ఫోల్డర్లతో పనిచేస్తుంది. ఉత్త లైట్‌రూమ్ అన్నది ప్రధానంగా అడోబీ క్లౌడ్ మీద నడుస్తుంది, ఫోన్‌లో, ట్యాబ్‌లో, కంప్యూటర్‌లో ఒకే ఫొటోలు కనిపిస్తాయి. 100 జీబీ పెళ్లిని ఇంటి ఇంటర్నెట్ మీద క్లౌడ్‌కి ఎక్కించి పనిచేయడం మా తమ్ముడి లాంటివాళ్లకు కుదరదు. కాబట్టి పెళ్లిళ్లు చేసేవాళ్లు క్లాసిక్ గురించే ఆలోచించాలి.

దించుకోవడంలో ఇది నిజంగా గట్టిది. ఇంపోర్ట్ చేసేటప్పుడే ఫైళ్ల పేర్లు మార్చొచ్చు, ఇంకో డిస్క్‌లో రెండో కాపీ వేయొచ్చు, ఇంతకుముందు దించినవి మళ్లీ రాకుండా ఆపొచ్చు. ఇంపోర్ట్ పేజీలో కుడిపక్కన తేదీల ప్రకారం సర్దే పద్ధతి కనిపిస్తే, పెళ్లికి దాన్ని మార్చి అన్నీ ఒకే ఫోల్డర్‌లోకి పెట్టండి. ఫోల్డర్ పేరు 2025-02-16 నాగోల్ పెళ్లి అన్నట్టు ఏడాది, నెల, రోజు వరసలో ఉంటే ఏ కంప్యూటర్‌లోనైనా అవే వరసగా నిలబడతాయి. ఫైళ్ల పేర్లు కూడా మార్చుకోవాలి, ఎందుకంటే కెమెరా 9999 దాటగానే మళ్లీ 0001 నుంచి మొదలుపెడుతుంది. గడియారాల తేడాకు మందు కూడా అందులోనే ఉంది: రెండో కెమెరా ఫొటోలన్నీ సెలెక్ట్ చేసి, క్యాప్చర్ టైమ్ మార్చే చోట ఒక్క ఫొటోకు సరైన టైమ్ ఇస్తే మిగతావన్నీ అంతే తేడాతో జరుగుతాయి. మా తమ్ముడి రెండు రాత్రుల పని రెండు నిమిషాల్లో అయిపోయేది.

దిద్దడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మండపంలో పసుపు బల్బులు, వీడియో వాళ్ల తెల్ల లైటు, పక్కన ఊదారంగు ఎల్ఈడీ, అన్నీ ఒకే ముఖం మీద పడే మన ఫంక్షన్ హాళ్లలో ఒక ఫొటో రంగు సరిచేసి, అదే దిద్దుబాటును వందింటికి ఒక్కసారిగా అంటించగలగడం పెద్ద వరం. పెళ్లికూతురిని తనే గుర్తించి మాస్క్ వేస్తుంది, అంటే ఆవిడ ఉన్న భాగాన్ని మాత్రమే దిద్దుకోవచ్చు. 2023లో వచ్చిన డీనాయిస్ రాత్రి ఫొటోల గరుకును బాగా తగ్గిస్తుంది, కాకపోతే మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఒక్కో ఫొటోకు చాలాసేపు కూర్చోవాలి.

ఇప్పుడు జాగ్రత్తలు. క్యాటలాగ్ అన్న ఫైలులో ఫొటోలు ఉండవు, ఫొటోలు ఎక్కడున్నాయో, వాటికి ఏం చేశారో మాత్రమే ఉంటుంది. చాలామంది క్యాటలాగ్ బ్యాకప్ చేసి ఫొటోలు కూడా భద్రంగా ఉన్నాయనుకుంటారు. లేవు. అలాగే లైట్‌రూమ్ బయట, మామూలు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్ జరిపితే లోపల ఫొటోలు కనబడడం లేదని చూపిస్తుంది. జరపడమేదో దాని లోపలే జరపాలి. మార్పులను ఎక్స్ఎంపీలోకి తనంతట తాను రాసే సెట్టింగ్ మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. క్యాటలాగ్ సెట్టింగ్స్‌లో మెటాడేటా అనే చోట దాన్ని మొదటి రోజే ఆన్ చేయండి. ఆన్ చేశాక కూడా కలెక్షన్లు అనే గుంపులు, ఒకే ఫొటోకు ఇంకో రకం దిద్దుబాటు ఉంచుకునే వర్చువల్ కాపీలు ఎక్స్ఎంపీలోకి వెళ్లవు, కాబట్టి ముఖ్యమైన గుంపులకు కలెక్షన్‌తో పాటు ఒక ట్యాగ్ కూడా పెట్టుకోండి.

చందా ఆపేస్తే? ఫొటోలు మీవే, మీ డిస్క్‌లోనే ఉంటాయి. లైబ్రరీ తెరుచుకుంటుంది, చేసిన ఎడిట్లతో ఎక్స్‌పోర్ట్ కూడా అవుతుంది. డెవలప్, మ్యాప్ భాగాలు మాత్రం మూసుకుపోతాయి. అంటే పాతది బయటికి తీసుకోవచ్చు, కొత్తగా దిద్దలేరు. ఇది న్యాయంగానే ఉందని నాకనిపిస్తుంది. నెలకు రెండు పెళ్లిళ్లు చేసేవాడికి చందా భారం కాదు. ఏడాదికి రెండు టూర్లు తీసుకునే కుటుంబానికి మాత్రం దండగ, వాళ్లకు నేను వద్దనే చెబుతాను.

డిజికామ్, డార్క్‌టేబుల్

ఈ రెండూ ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తాయి. చాలామంది వీటిని ఒకదానికొకటి పోటీ అనుకుంటారు. నేను రెండూ కలిపి వాడతాను: సర్దడానికి డిజికామ్, రా ఫొటోలు దిద్దడానికి డార్క్‌టేబుల్.

డిజికామ్ మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది, దాచను. ముఖాలను మీ కంప్యూటర్‌లోనే గుర్తిస్తుంది, ఫొటోలు ఎక్కడికీ పంపదు. మొదటిసారి మాత్రం దానికి కావాల్సిన ఫైళ్లు ఇంటర్నెట్ నుంచి దించుకుంటుంది. సెట్టింగుల్లో మెటాడేటా భాగంలో చెబితే ముఖాల పేర్లు, ట్యాగులు, క్యాప్షన్లు ఫైళ్లలోకి రాసేస్తుంది. రా ఫైళ్లకు సైడ్‌కార్ వాడమని అక్కడే చెప్పాలి. ఆ సైడ్‌కార్ పేర్లు లైట్‌రూమ్ లాంటివాటికి అర్థమయ్యేలా ఉంచే సెట్టింగ్ కూడా ఉంది. నానమ్మ విషయంలో నేను పోగొట్టుకున్నది సరిగ్గా ఇదే.

తెలుగులో రాసుకోవడం సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ఎక్స్ఎంపీ యూనికోడ్‌లో ఉంటుంది కాబట్టి "బోనాలు", "తాతయ్య", "గోల్కొండ" అని తెలుగులోనే ట్యాగులు పెట్టొచ్చు, తెలుగులోనే వెతకొచ్చు. కానీ డీటీపీ సెంటర్లలో, ఆల్బమ్ డిజైనర్ల దగ్గర ఇప్పటికీ నడిచే అను ఫాంట్లతో టైప్ చేసింది యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని చోట అది పిచ్చి గీతల్లా కనిపిస్తుంది, వెతికితే దొరకదు. క్యాప్షన్ ఎప్పుడూ ఫోన్‌లో టైప్ చేసే యూనికోడ్ తెలుగులోనే రాయండి. ఒక పేరుకు ఒకే స్పెల్లింగ్ పెట్టుకోండి. సున్నా పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి రాస్తే అవి రెండు వేర్వేరు ట్యాగులు అవుతాయి.

డిజికామ్‌లో కష్టమేంటంటే మెనూలు లెక్కకు మించి ఉంటాయి. 50,000 ఫొటోల ఫోల్డర్ మొదటిసారి చూపిస్తే రాత్రంతా నడుస్తుంది. పాత హార్డ్‌డిస్క్ ఉన్న కంప్యూటర్ అయితే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ ఒకటి వేయించుకుని అప్పుడు మొదలుపెట్టండి. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా రానంత తేడా దాంతో వస్తుంది.

డార్క్‌టేబుల్ సంగతి వేరు. ఇది నేర్చుకోవాలి. లైట్‌రూమ్‌లో ఒక స్లైడర్ ఉన్న చోట ఇక్కడ మూడు మాడ్యూళ్లు, ఒక్కోదానిలో నాలుగు ట్యాబులు. మొదటి వారం ఫొటోలు కెమెరా జేపెగ్ కంటే అధ్వానంగా వస్తాయి, చాలామంది అక్కడే వదిలేస్తారు. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, వెలుగునీడల టోన్ కోసం సిగ్మాయిడ్ అనే మాడ్యూల్, ఈ మూడింటితోనే నెల రోజులు పనిచేయండి, మిగతావి ముట్టుకోవద్దు. ఆ తర్వాత రంగుల మీద దొరికే పట్టు చాలా బాగుంటుంది. పెళ్లికూతురి ముఖం మీది నీడను మాత్రమే, రంగును, వెలుతురును బట్టి మాస్క్ వేసి ఎత్తొచ్చు. కానీ నేను వాడే వెర్షన్‌లో మనిషిని తనే గుర్తించి మాస్క్ వేయడం లేదు. అమీన్‌పూర్ చెరువు దగ్గర తెల్లవారకముందు, వెలుతురు చాలక హై ఐఎస్ఓలో తీసిన లకుముకిపిట్ట ఫొటోను రెండింటిలోనూ దిద్ది చూశాను. గరుకు తీయడంలో లైట్‌రూమే గెలిచింది, ఈకల గీతలు నిలిచాయి. రంగులో డార్క్‌టేబుల్ ఫొటోనే నాకు నచ్చింది.

ఒకటి గుర్తుంచుకోవాలి. డార్క్‌టేబుల్ ఎడిట్లు లైట్‌రూమ్‌లో తెరుచుకోవు, లైట్‌రూమ్‌వి డార్క్‌టేబుల్‌లో పూర్తిగా రావు. ట్యాగులు, నక్షత్రాలు, పేర్లు దాటి రావచ్చు, దిద్దుబాట్లు రావు. వేర్వేరు కంపెనీల రా సాఫ్ట్‌వేర్ల మధ్య మామూలుగా ఇంతే. అందుకే మారే ముందు మంచి ఫొటోలను పూర్తి సైజు జేపెగ్‌గానో టిఫ్‌గానో బయటికి తీసి ఉంచుకోవాలి.

ఫోనే కెమెరా అయినవాళ్లు

మా వదిన దగ్గర కెమెరా లేదు, ఫోన్‌లో 18,000 ఫొటోలున్నాయి. పిల్లల స్కూల్ ఫంక్షన్లు, నుమాయిష్, యాదగిరిగుట్ట, అన్నీ అందులోనే. ఆవిడకు లైట్‌రూమో డార్క్‌టేబులో చెప్పడం తప్పు. గూగుల్ ఫొటోస్ చాలు. "గులాబీ చీర" అని వెతికితే చూపించే సాఫ్ట్‌వేర్ ఆవిడకు కావాలి, అదే ఉంది.

అయితే ఇది సర్దుకునే చోటు, దాచుకునే చోటు కాదు. 2021 జూన్ 1 నుంచి లెక్కలేనన్ని ఫొటోలు ఉచితంగా పెట్టుకునే సదుపాయం ఆగిపోయింది. ఇప్పుడున్న ఉచిత 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్ కూడా వాటా. స్టోరేజ్ సేవర్ పెట్టుకుంటే 16 మెగాపిక్సెల్ దాటిన ఫొటోలు ఆ సైజుకు తగ్గుతాయి. ముఖ్యంగా, ఆ యాప్‌లో ఫొటో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోంచి కూడా పోతుంది. ఫోన్‌లో చోటు కావాలంటే డిలీట్ నొక్కకూడదు, ఫ్రీ అప్ స్పేస్ నొక్కాలి. వదినకు ఈ ఒక్క మాట మూడుసార్లు చెప్పాను. గూగుల్ టేకౌట్ అనే సదుపాయం ద్వారా అన్నీ ఒకేసారి దించుకోవచ్చు గానీ, మీరు అక్కడ మార్చిన తేదీలు, రాసిన వివరణలు ఫొటోలో కాకుండా పక్కన జేసన్ అనే టెక్స్ట్ ఫైళ్లలో వస్తాయి, మళ్లీ కలుపుకోవడం పని. దానికంటే నెలకోసారి కేబుల్ పెట్టి ఫోన్ నుంచి కంప్యూటర్‌కు ఒరిజినల్స్ దించుకోవడం సులువు. ఐఫోన్ అయితే ఫొటోలు మామూలుగా జేపెగ్‌కు బదులు హెచ్ఈఐసీ అనే ఫార్మాట్‌లో వస్తాయి, పాత విండోస్‌లో తెరుచుకోకపోతే కంగారు పడొద్దు.

మిగతావి

క్యాప్చర్ వన్ స్టూడియోలో కెమెరాను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి తీసేవాళ్లకు, నగల, చీరల కేటలాగులు చేసేవాళ్లకు బాగుంటుంది. డీఎక్స్ఓ ఫొటోల్యాబ్‌ను గరుకు తీయడం కోసమే కొనొచ్చు, పక్షుల ఫొటోలు తీసే మిత్రులు దాన్ని వదలరు. వేల ఫొటోల్లోంచి వేగంగా ఏరడానికి ఫొటో మెకానిక్‌ను మించింది నేను చూడలేదు, కానీ ధర ఎక్కువ. రాథెరపీ ఉచితం, ఒక్కో ఫొటోను శ్రద్ధగా దిద్దుకునేవాళ్లకు మంచిది, సర్దడం దాని పని కాదు. ఊరికే చూసి ఏరుకోవడానికి ఎక్స్ఎన్‌వ్యూ ఎంపీ సొంత వాడకానికి ఉచితం. అడోబీ బ్రిడ్జ్ కూడా ఉచితమే, అడోబీ ఖాతా ఉంటే చాలు.

ఫొటో మీద తెలుగు అక్షరాలు వేయాలంటే గింప్‌లో యూనికోడ్ తెలుగు సరిగ్గా వస్తుంది. ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తే టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి.

ఎంచుకునే ముందు ఒక ఆదివారం

డబ్బు కట్టేముందు 200 ఫొటోలు తీసుకోండి. కొన్ని రా, కొన్ని ఫోన్‌వి, కొన్ని స్కాన్ చేసినవి. మీరు అనుకుంటున్న సాఫ్ట్‌వేర్‌లోకి దించండి. పదింటికి పేర్లు, ఇరవైకి తెలుగు ట్యాగులు, అయిదింటికి నక్షత్రాలు పెట్టండి. తర్వాత ఆ ఫోల్డర్‌ను ఇంకో కంప్యూటర్‌కు కాపీ చేసి, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి. మీ తెలుగు ట్యాగులు అక్కడ కనిపిస్తే ముందుకు వెళ్లండి. కనిపించకపోతే సెట్టింగ్ వెతకండి. సెట్టింగే లేకపోతే, ఎడిటింగ్ ఎంత బాగున్నా నేనైతే వదిలేస్తాను.

మా తమ్ముడు ఇదంతా చేసి లైట్‌రూమ్ క్లాసిక్ తీసుకున్నాడు. పెళ్లికొక ఫోల్డర్, రెండు డిస్కుల్లో రెండు కాపీలు, మూడోది ఉప్పల్‌లో పిన్ని ఇంట్లో. ఫొటోలు డెలివరీ అయ్యేదాకా మెమరీ కార్డు ఫార్మాట్ చేయనని మాటిచ్చాడు. వదిన గూగుల్ ఫొటోస్‌లోనే ఉంది, నెలాఖరు ఆదివారం నేను కేబుల్ తీసుకెళ్తాను.

రిటైరైన మా బాబాయి డిజికామ్ వైపు వచ్చాడు. ఆయన ఇనప్పెట్టెలోని పాత ప్రింట్లను 600 డీపీఐలో స్కాన్ చేసి, ఒక్కొక్కరి పేరూ తెలుగులో రాస్తున్నాడు. వారం కిందట ఫోన్ చేశాడు. "ఒరేయ్, స్కాన్ చేసిన రోజే ఫొటో తేదీ అయి కూర్చుంటోంది. అసలు తేదీ నాకే తెలియదు, డెబ్బై నాలుగో డెబ్బై అయిదో. ఏం రాయమంటావు?" నాకు తోచింది చెప్పాను: "తేదీ మార్చే చోట 1974 జనవరి 1 వెయ్యి బాబాయ్, అప్పుడు వరసలో దాని చోట అది నిలబడుతుంది. క్యాప్షన్‌లో 1974 ప్రాంతం అని రాయి. 'తేదీ సుమారు' అని ఒక ట్యాగ్ పెట్టు. ఎప్పుడైనా ఎవరికైనా గుర్తొస్తే ఆ ట్యాగ్ నొక్కి సరిచేద్దాం." ఇప్పటికి ఆ ట్యాగ్ కింద 312 ఫొటోలున్నాయి. సంక్రాంతికి అత్తయ్యలు వచ్చినప్పుడు వాటిని టీవీలో పెట్టి చూపించాలని మా ఇద్దరి ప్లాన్.